డెల్టా అచ్చులు

తెనాలి, 5 జనవరి 2025

బజారులోకి తేగల కట్టలు దిగాయి. సాయంత్రం కాలవగట్టు దాకా నడిచి తాడిచెట్లు చూసొచ్చాను.

లినోకట్ చేసేవాళ్లకి తాటాకు మంచి పాఠం. లినో షీటు మీద ఉలితో తీసేసిన చోటు కాగితం మీద తెల్లగా మిగులుతుంది. తియ్యకుండా వదిలిన చోటే సిరా పట్టి నల్లగా దిగుతుంది. మధ్యలో బూడిదరంగు ఉండదు. తాటాకుదీ అదే తీరు. మడతలు మడతలుగా విచ్చుకున్న ఆకులో ప్రతి మడతకీ ఒక చెంప ఎండలో, ఒక చెంప నీడలో ఉంటుంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఈ తేడా తెలియదు. పొద్దు వాలేవేళ చూస్తే ఆకంతా దానంతటదే నలుపు తెలుపులుగా విడిపోతుంది. వెలుగు ఏ వైపు నుంచి పడుతోందో తేల్చుకోకుండా ఒక్క గీతా మొదలుపెట్టలేం.

తెనాలి, 9 జనవరి

గంగానమ్మపేటలో పాత ప్రెస్సు నడిపిన పెద్దాయన ఇంటికి వెళ్లాను. ట్రెడిల్ మెషీను మీద దుప్పటి కప్పి ఉంది. నా చేతిలో లినో ముక్క చూసి నవ్వారు.

“ఇది మాకు కొత్త కాదమ్మాయ్. బొమ్మ కావాలంటే జింకు బ్లాకు చేయించాలి, అది ఖర్చు. చేతిలో డబ్బు లేనివాడు లినో చెక్కించి, చెక్కముక్కకి అంటించి పట్టుకొచ్చేవాడు. అక్షరం ఎత్తుకి వస్తే చాలు. మెషీనుకి బొమ్మైనా అక్షరమైనా ఒకటే.”

“అక్షరం ఎత్తు ఎంత, బాబాయిగారూ?”

“అంగుళానికి కొంచెం తక్కువ.”

సీసపు అచ్చక్షరం ఎత్తు 0.918 అంగుళం. లినో మందం మూడు మిల్లీమీటర్ల పైచిలుకు, మిగతాదంతా కింద చెక్క. ‘చందమామ’ చక్రపాణి ఊరిది. ఇన్ని ప్రెస్సులు నడిచిన ఊళ్లో ఈ విద్య ఎవరికీ పరాయిది కాదు.

ఇంటికొచ్చాక నందలాల్ బోస్ 1930లో చెక్కిన దండియాత్ర గాంధీని మళ్లీ చూశాను. చుట్టూ నలుపు, నడిచే మనిషి తెల్లని గీతల్లో. అదే ఏడాది వచ్చిన టాగూర్ బెంగాలీ వాచకం ‘సహజ్ పాఠ్’కీ బొమ్మలు వేసింది ఆయనే. పలక పట్టే పిల్లలకి చెట్టునీ పడవనీ అంత శ్రద్ధగా చూపించారు. మన వాచకాలకి అలాంటి చెయ్యి కావాలి.

తుమ్మపూడి, 12 జనవరి

రేపు భోగి. దుగ్గిరాల దాటాక పసుపు చేలు. ఆకులు పండి అంచుల నుంచి ఎండుతున్నాయి, తవ్వకాలకి వేళవుతోంది.

ఇది సంజీవదేవ్ (1914–1999) ఊరు. హిమాలయాల్లో తిరిగి, నికొలస్ రోరిక్ వంటి చిత్రకారులతో స్నేహం చేసి, మళ్లీ ఈ పల్లెకే వచ్చి స్థిరపడ్డారు. ఇక్కడి నుంచే సౌందర్యం గురించి రాశారు, రంగుల్లో ప్రకృతి దృశ్యాలు వేశారు. మంచుకొండలు చూసిన కళ్లకి ఈ చదును నేల చిన్నదిగా కనిపించలేదు. తెనాలి చుట్టుపక్కల బొమ్మలు వేసే ఎవరికైనా ఆ ఒక్క జీవితం చాలినంత ధైర్యం.

గట్టు మీద కూర్చుని ఒక పసుపాకు గీసుకున్నాను. నడుమ ఈనె లావుగా ఉంది. దాని నుంచి పక్క ఈనెలు ఏటవాలుగా బయల్దేరి, అంచు దగ్గరికి వచ్చేసరికి కొనవైపు వంగుతున్నాయి. ఆ వంపు తప్పితే అది అరటాకు అయిపోతుంది.

బాపట్ల, 25 జనవరి

పిన్ని వాళ్లింటి చూరుకి పిచ్చుకల కోసం వరికుచ్చు కట్టి ఉంది. సగం గింజలు అప్పుడే ఖాళీ.

“ఏ వరి పిన్నీ?”

“ఇంకేముంటుందే, మన సాంబమసూరే.”

1945లో పెట్టిన వ్యవసాయ కళాశాల ఉన్న ఊరిది. సాంబమసూరి, అంటే బీపీటీ 5204, ఇక్కడి పరిశోధనలోనే పుట్టి 1986లో రైతుల చేతికొచ్చింది. పేరులో బీపీటీ అంటే బాపట్లే. మన కంచంలోకి రోజూ వచ్చే ఆ గింజని ఒక్కసారైనా వేలిమీద పెట్టుకుని చూశామా? సన్నగా, మీసం లేకుండా, పొట్టు మీద నిలువు చారలతో ఉంటుంది. రెండు పొట్టు రెక్కలు ఒకదాన్నొకటి పట్టుకున్న చోట సన్నని గాడి. ఆ గాడి కోసం అన్నిటికన్నా సన్నని ఉలి వాడాను. కంకి మెడ వంగిన తీరులో గింజ బరువు తెలియాలి. అది తెలియకపోతే ఎన్ని గింజలు చెక్కినా తాలే.

సూర్యలంక, 8 ఫిబ్రవరి

ఒడ్డున చచ్చిన తాబేలు. ఆలివ్ రిడ్లే. చలికాలం చివర్లో ఇవి గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. ఒక్కొక్కటి ఒక విడతకి వందకి అటూ ఇటూగా పెడుతుంది. అటవీశాఖ వాళ్లు గుడ్లు ఏరి, కంచెలో పొదిగించి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతున్నారు. కానీ పెద్ద తాబేలు ఊపిరి కోసం నీటిపైకి రావాల్సిందే. ట్రాల్ వలలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దీని పేరుంది. వలలోంచి తాబేలు బయటపడే దారి అమర్చే పరికరమూ ఉంది. అయినా ఇది ఇలా ఇసుకలో పడి ఉంది.

పక్కన కూర్చుని డిప్ప గీశాను. నడుమ వరసకి ఎడమన ఆరు పలకలు, కుడిన ఏడు. పచ్చ తాబేలుకైతే అటు నాలుగు, ఇటు నాలుగు. రిడ్లేకి మాత్రం ఎక్కువ ఉంటాయి, రెండు వైపులా సమానంగా ఉండాలని లేదు. పిల్లల పుస్తకాల్లో తాబేలు డిప్ప ఎప్పుడూ సరిసమానమే. ఆరూ ఏడూ చెక్కితేనే ఇది ఈ తాబేలు అవుతుంది. బతికి ఈదిన ఒక ప్రాణికి నేను ఇవ్వగలిగిన గౌరవం ఆ లెక్క.

సూర్యలంక, 9 ఫిబ్రవరి

సరుగుడు తోపులో విరిగిన మానులు. 5 డిసెంబరు 2023న మిచాంగ్ తుఫాను తీరం దాటింది ఈ బాపట్ల దగ్గరే.

ఇసుకలో దొరికిన మెలి గుల్లలు ఒళ్లో పోసుకుని చూశాను. కొన పైకి, నోరు నావైపు పెట్టి పట్టుకుంటే అన్నిటికీ నోరు కుడిపక్కనే. నత్తజాతి గుల్లల్లో నూటికి తొంభైకి పైగా ఇంతే. శంఖమూ అంతే. నోరు ఎడమన ఉండే శంఖం బహు అరుదు, దాన్నే దక్షిణావర్తమని పూజలో పెడతారు.

అచ్చులో కుడిఎడమలు తారుమారవుతాయి. చూసింది చూసినట్టు చెక్కితే సూర్యలంక గుల్లలన్నీ దక్షిణావర్తాలవుతాయి. రెంబ్రాంట్ 1650లో ఒక సముద్రపు గుల్లను రాగిరేకు మీద చెక్కాడు. సంతకం తిప్పి చెక్కాడు, గుల్లను తిప్పలేదు. ఆ అచ్చులో గుల్ల తన జాతికి లేని వైపు మెలి తిరిగి ఉంటుంది. నేను ట్రేసింగ్ కాగితం మీద గీసి, కాగితాన్ని బోర్లించి లినో మీదకి దించుకుంటాను. తాబేలు ఆరు పలకలూ ఎడమనే ఉండాలన్నా ఇదే దారి.

బాపట్ల, 16 ఫిబ్రవరి

పొద్దుటి చలికి లినో బిరుసెక్కి ఉలికి పెళుసుగా రాలింది. డాబా మీద ఎండలో కాసేపు పెడితే మెత్తబడింది.

1860లలో ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఇంగ్లీషువాడు దీన్ని ఇళ్లలో నేల మీద పరవడానికి తయారుచేశాడు. గాలి తగిలి గట్టిపడిన అవిసెనూనె, బెరడు పొడి కలిపి గోనెగుడ్డ మీద పరిచింది. ఉడ్‌కట్ చెక్కకి నార ఉంటుంది, ఉలిని తనవైపు లాగుతుంది. లినోకి నార లేదు, చెయ్యి ఎటు తిరిగితే అటు తెగుతుంది. అచ్చు సిరాలోనూ అవిసెనూనే. సముద్రపు తేమలో అది ఆరడానికి ఇక్కడ చాలా సేపు పడుతుంది, తొందరపడితే కాగితం మీద వేలిముద్ర దిగుతుంది.

రేపల్లె, 1 మార్చి

తెనాలి నుంచి రేపల్లె బండి. వేమూరు, భట్టిప్రోలు, అటూ ఇటూ మొక్కజొన్న, మినుము.

రేపల్లె దిగువన మడ అడవి. పాటు సమయం, పాయలో నీళ్లు తీసేశాయి. బురదలోంచి తెల్లమడ శ్వాసవేర్లు నారుమడిలా నిక్కి ఉన్నాయి. బురదలో గాలి ఉండదు కనుక చెట్టు వేళ్లనే పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. ఆకు తిప్పి చూస్తే ఉప్పు పలుకులు. వేళ్లు ఆపగలిగినంత ఆపి, మిగిలిన ఉప్పుని ఆకు ఇలా బయటికి పంపేస్తుంది. నాలికకి తగిలిస్తే ఒట్టి ఉప్పు.

పక్కనున్న కొమ్మ మీద చెయ్యి వేయబోతే పడవ నడిపేవాడు వారించాడు.

“అది విరవమాకమ్మా, తిల్ల. పాలు కంట్లో పడితే చూపు పోద్ది.”

1977 నవంబరు ఉప్పెన మాట ఎత్తాను.

“మడ ఉన్నకాడ నీళ్ల జోరు తగ్గిందని మా నాయన చెప్పేవోడమ్మా. అందుకే మేం నరకం.”

రేపల్లె, 2 మార్చి

మడవేర్లు చెక్కడం మొదలైంది. వేరుని తెల్లగీతగా తీసేస్తే ఒక పూటలో అయిపోతుంది. కానీ నిన్న నేను చూసింది మెరిసే బురద మీద నల్లని వేర్లు. కాబట్టి వేరుని వదిలి, చుట్టూ ఉన్న బురదంతా తియ్యాలి. తీసిన చోట వెడల్పు ఉలి అక్కడక్కడా సన్నని మిట్టలు వదులుతుంది. వాటికి సిరా అంటి బురద మీది నీటి చాళ్లు తయారయ్యాయి. వాటిని ఉంచేశాను.

పెనుమూడి వంతెన దాటి వెళ్తే బందరు, పెడన. కలంకారీ అద్దకానికి టేకుచెక్క అచ్చులు చెక్కే ఊరు పెడన. మిట్ట అచ్చవుతుంది, పల్లం ఖాళీ ఉంటుంది. వాళ్ల సూత్రమూ నాదీ ఒకటే. ఆ తీగలూ పువ్వులూ తరాల చేతి జ్ఞాపకం. మడవేరుకి అలాంటి జ్ఞాపకం ఇంకా ఏర్పడాలి.

తెనాలి, 23 మార్చి

తాటాకు, పసుపాకు, వరికంకి, తాబేలు, గుల్ల, మడ. అన్నీ బల్లమీద వరసగా ఆరుతున్నాయి. ఇందులో ఏదీ మనకి దూరపుది కాదు, కానీ వీటి పేర్లు చెప్పగల పిల్లలు తక్కువైపోతున్నారు. పేరు తెలియనిది పోయినా ఎవరూ గమనించరు.

తెనాలి, బాపట్ల, రేపల్లె బళ్లలో పనిచేసే టీచర్లకీ, తల్లిదండ్రులకీ ఒక మాట. ఈ వేసవి సెలవుల్లో పిల్లలకి ముందు ఒక ఆకు ఇవ్వండి. ఈనెలు లెక్కపెట్టి గీయనివ్వండి. తర్వాత అరచేతంత లినో ముక్క ఇవ్వండి, అది దొరక్కపోతే పెద్ద రబ్బరు చాలు. ఉలి వెళ్లే దారిలో ఎడమచెయ్యి ఉండకూడదని పక్కన కూర్చుని నేర్పండి. సిరా పూసి, కాగితం పరిచి, గరిటె వీపుతో రుద్దితే అచ్చు దిగుతుంది, మెషీను అక్కర్లేదు. ఒకసారి చెక్కిన చెట్టుని ఆ పిల్లలు జన్మలో మర్చిపోరు, ఎవరైనా దాన్ని నరకబోతే ఊరుకోరు.