చెప్పి మానేసినా...

పాప కడుపులో ఉండగా డాక్టరమ్మ బెడ్ రెస్ట్ అన్నారు. ఆఫీసుకు ఫోన్ చేసి "ఇంక రాలేనండీ" అన్నాను. ఆరేళ్ల ఉద్యోగం ఆ ఒక్క మాటతో అయిపోయింది. రాజీనామా రాయలేదు, రిలీవింగ్ లెటర్ అడగలేదు. మళ్లీ ఎవరు చేస్తారులే అనుకున్నాను.

ఇప్పుడు పాప ఐదో తరగతి. ఈమధ్య ఒకచోట ఉద్యోగానికి వెళ్తే ఎక్స్‌పీరియన్స్ లెటర్ అడిగారు. పాత ఆఫీసుకు వెళ్లాను. నన్నెరిగిన మనిషి ఒక్కరూ లేరు. రికార్డులో నా పేరు పక్కన 'ఆబ్‌స్కాండెడ్' అని ఉందట. అంటే చెప్పకుండా పారిపోయినట్టు! సెలవు పెట్టాలన్నా రెండుసార్లు ఆలోచించినదాన్ని నేను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

పాత పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్కు తీసుకెళ్లి చూపించాను. దిద్దుతామన్నారు. ఇంకా ఎదురుచూస్తున్నాను. పీఎఫ్‌లో నేను మానేసిన తేదీ కూడా వాళ్లు ఎక్కించలేదు. చివరి జమ పడిన రెండు నెలల తర్వాత మనమే పీఎఫ్ వెబ్‌సైట్‌లో ఎక్కించుకోవచ్చని తెలిసి, ఆధార్ ఓటీపీతో నేనే ఎక్కించాను. ఐదేళ్లు దాటితే గ్రాట్యుటీ వస్తుందని కూడా అప్పట్లో నాకు తెలియదు.

మొన్న మా చెల్లి ఏడో నెలతో ఉద్యోగం మానేస్తానంది. పక్కన కూర్చోబెట్టుకుని రాజీనామా మెయిల్ రాయించాను. చివరి రోజు తేదీ వేయించాను. అందినట్టు జవాబు, రిలీవింగ్ లెటర్, ఫారం 16 అడిగి తీసుకోమన్నాను.

"ఇవన్నీ ఎందుకక్కా, మళ్లీ నేనెక్కడ చేస్తాను?" అంది.

"నేనూ అలాగే అనుకున్నానే" అన్నాను.