చెవులపిల్లి, పొలం ఎలుక

లూయీ కరోల్ 1865లో ‘ఆలిస్’ కథ రాస్తూ కుందేలునూ డార్మౌస్‌నూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి టీ తాగించాడు. కుందేలేమో పిచ్చిది, డార్మౌస్ నిద్రమొద్దు. చలిదేశాల్లో శీతాకాలమంతా పడుకునే ఈ చిట్టి జంతువు మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు కనిపించదు. ఇక్కడ కుందేలు పక్కన కూర్చోబెట్టాలంటే పొలం ఎలుకే గతి!

కుందేలును మా ఊళ్లో చెవులపిల్లి అంటాం. ఒకప్పుడు శాస్త్రజ్ఞులు దాన్నీ ఎలుకనూ ఒకే గుంపులో లెక్కపెట్టేవారు. కుందేలుకు పైపళ్ల వెనుక ఇంకో జత చిన్న పళ్లుంటాయి. అట్లాంటి తేడాలు చూసి 1912లో గిడ్లీ అనే ఆయన వాటిని వేరు చేయాలన్నాడు. పళ్ల సంగతి పండితులకు వదిలేసి బతుకు చూస్తే తేడా ఇంకా పెద్దది.

ఎలుక పొలం ఒడ్డును తొలిచి బొరియ చేస్తుంది. వరికంకులు కొరికి లోపల దాచుకుంటుంది. దాని పిల్లలు వెంట్రుక లేకుండా, కళ్లు తెరవకుండా చీకట్లో పుడతాయి. చెవులపిల్లికి బొరియ లేదు, గాదె లేదు. గడ్డిలో ఒళ్లు పట్టేంత గుంటే దాని ఇల్లు. పిల్లలు బొచ్చుతో, కళ్లు తెరుచుకొనే పుడతాయి. ఆరుబయట పుట్టినవాళ్లు కళ్లు మూసుకుంటే ఎట్లా?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కుందేలుకు రక్షణ ఇచ్చి, ఎలుకను హానికర జంతువుల జాబితాలో వేసింది. ఆ జాబితాను 2022 సవరణతో తీసేశారనుకోండి. చట్టం ఎవరి పక్షమో వాళ్లే గెలవాలి కదా? మా ఊళ్లో అట్లా జరగలేదు. గుట్ట గ్రానైటు క్వారీకి పోయింది. కింద బంచరాయిని చదును చేసి పత్తి పెట్టారు. “గుట్ట పాయె, చెవులపిల్లి పాయె. ఎలుకలు మాత్రం యాడికీ పోలే బిడ్డా” అంటాడు మా నాయన. ఉచ్చు పెట్టినవాడికి శిక్ష ఉంది సరే, గడ్డి లేకుండా చేసినవాడిని అడిగేదెవరు?

కవ్వాల్ అడవిని 2012లో పులుల కోసం కేటాయించారు, సంతోషం. చెవులపిల్లికి అంత అడవి అక్కర్లేదు. కొంత గడ్డి, నాలుగు తుప్పలు, బీడు పడిన చెలక ఉంటే చాలు. మనం పనికిరాని భూమి అంటున్నది సరిగ్గా వాటినే.

మిత్రులారా! రేపు మనలో కొందరు సర్వేయర్లవుతారు, తహసీల్దార్లవుతారు. ఏదో ఫైలులో ‘ఖాళీ జాగా’ అని రాయవలసి వస్తే, సంతకానికి ముందు ఒక సాయంత్రం అక్కడికి పోయి చూడండి. గడ్డిలో రెండు చెవులు కనిపిస్తే ఆ మాట కొట్టేయండి.