తోర్ఖం దగ్గర మామూళ్ళు

అమెరికన్ కాంగ్రెస్ సబ్‌కమిటీ నివేదికని నవల చదివినట్టు రెండు రాత్రుల్లో చదివేశానంటే మా టీంలో నవ్వారు. 2010 జూన్‌లో వచ్చిన ‘వార్‌లార్డ్, ఇంక్.’ దాని పేరు. జాన్ టియర్నీ అధ్యక్షుడిగా ఉన్న సబ్‌కమిటీ కోసం సిబ్బంది రాసిపెట్టింది. అందులో ఉన్న ప్రశ్న చాలా చిన్నది: అఫ్ఘానిస్తాన్‌లోని అమెరికన్ సైన్యానికి తిండీ నీళ్ళూ డీజిలూ మోసే లారీల్ని దారిలో ఎవరు కాపాడుతున్నారు? జవాబు ఇంకా చిన్నది. వాటిని తగలబెట్టగలిగిన వాళ్ళే.

ఈ జవాబు తెలుగువాళ్ళకి కొత్తగా అనిపించకపోవచ్చు. ‘మామూలు’ అనే మాటని లంచానికి వాడుకునే భాష మనది. ఎప్పుడూ ఇచ్చేది, అందరూ ఇచ్చేది, ఎందుకని అడగక్కర్లేనిది. చెక్‌పోస్టు దగ్గర క్లీనర్ దిగి పరిగెత్తుకెళ్ళి ఇచ్చి వచ్చేది. ఆ నివేదిక బలవంతపు వసూలు అంటుంది, అవినీతి అంటుంది, పర్యవేక్షణ లోపం అంటుంది. అన్నీ సరైన మాటలే. అయితే అవన్నీ ఎక్కడో ఏదో చెడిపోయిందని చెప్పే మాటలు. మామూలు అన్నామంటే వ్యవస్థ నడుస్తున్నదే అలాగని అర్థం.

అక్కడి లెక్కలు చూడండి. కాంట్రాక్టు విలువ 216 కోట్ల డాలర్లు. తీసుకున్నవి ఎనిమిది కంపెనీలు. నెలకి 6,000 నుంచి 8,000 ట్రిప్పులు. అమెరికన్ దళాలకి అందే సరుకులో 70 శాతానికి పైగా ఇలాగే వెళ్ళేది. ఇంత సరుక్కీ రక్షణ బాధ్యత కాంట్రాక్టరుదేనని ఒప్పందంలో రాసేశారు. కాంట్రాక్టరు దాన్ని సబ్‌కాంట్రాక్టరుకి ఇచ్చాడు, అతను ప్రైవేటు కాపలా ముఠాకి ఇచ్చాడు, వాళ్ళు కాబూల్-కాందహార్ హైవే మీద ఏ ముక్క ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకి ముట్టజెప్పారు. అందులో కొంత తాలిబన్లకీ చేరుతూ ఉండవచ్చని నివేదిక అంటుంది. అంటే తమ మీద పేలే బాంబుల ఖర్చులో తమ వాటా కూడా ఉండవచ్చన్నమాట.

ఇది చదువుతుంటే నాకు యుద్ధం కంటే నా ఉద్యోగమే ఎక్కువ గుర్తొచ్చింది. మా వృత్తిలో మంచి డిజైన్ అంటే ఇదే కదా. లోపల ఏం జరుగుతోందో బయటివాడికి తెలియక్కర్లేదు. అడిగినదానికి జవాబొస్తే చాలు. సరుకు చేరిందా? చేరింది. ఎలా చేరింది? అది ‘ఇంప్లిమెంటేషన్ డీటెయిల్’. కొన్నాళ్ళు నేను ఒక రవాణా సంస్థ కోసం లారీల ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేశాను. మ్యాపు మీద పచ్చ చుక్కలు కదులుతుంటాయి. బండి నంబరు తప్పనిసరి, లోడు విలువ తప్పనిసరి. డ్రైవరు పేరు మాత్రం ఆప్షనల్. సగం వరసల్లో ఆ గడి ఖాళీగానే ఉండేది, రిపోర్టులో దానివల్ల ఏ లెక్కా తేడా వచ్చేది కాదు.

ఇదంతా సరిహద్దుకి అవతలి కథ. ఆ సామానులో చాలా భాగం అంతకుముందే ఇంకో లారీలో, ఇంకో డ్రైవరుతో కరాచీ రేవు నుంచి బయల్దేరుతుంది. ఒక దారి క్వెట్టా మీదుగా చమన్‌కి వెళ్తుంది. రెండోది పెషావర్, జమ్రూద్, ఖైబర్ కనుమ, లండీ కోటల్ దాటి తోర్ఖంలో తేలుతుంది. తోర్ఖం దాకా సుమారు 1,800 కిలోమీటర్లు. ఆయుధాలు విమానాల్లో వెళ్ళేవి; ఈ లారీల్లో ఎక్కువగా ఇంధనం, తిండి, బళ్ళు, కట్టుబడి సామాను.

ఈ కనుమలో మామూళ్ళ చరిత్ర పాతదే. 1879లో గండమక్ ఒప్పందంతో ఖైబర్ మీద పట్టు సంపాదించిన బ్రిటిష్‌వాళ్ళు, దారి తెరిచి ఉంచినందుకు అఫ్రీదీ తెగలకి ఏటా భత్యం ఇచ్చేవాళ్ళు. ఆ తెగల కుర్రాళ్ళనే ఖైబర్ రైఫిల్స్‌లో చేర్చుకుని ఆ కొండల మీదే కాపలా పెట్టారు. 1897లో అఫ్రీదీలు తిరగబడి లండీ కోటల్‌తో సహా ఆ ఠాణాలన్నిటినీ పట్టుకున్నారు. భత్యం కొన్నేళ్ళ శాంతిని కొనగలిగింది గానీ, విధేయతని కొనలేకపోయింది. అయినా బ్రిటిష్‌వాళ్ళు దాన్ని దాపరికం లేకుండా పద్దు రాసి ఇచ్చారు. ఆ మాత్రం నిజాయితీ 2010 నాటి కాంట్రాక్టులో కనిపించదు.

సరిహద్దు దాటడంలో అసలు ప్రమాదం ఏమిటంటే ఆగడం. విజయవాడ ఆటోనగర్ నుంచి పాతికేళ్ళు లారీ తోలిన మా బాబాయి ఒకసారి అన్నాడు: “రోడ్డు మీద భయమేంట్రా, బండి ఆపి కునుకు తీస్తేనే భయం. లేచేసరికి డీజిలన్నా పోద్ది, పట్టా అన్నా కోసేస్తారు.” తోర్ఖం లైన్లో ఆగినవి పట్టా కోస్తే సరిపోయే బళ్ళు కావు, ఇంధనం నిండిన ట్యాంకర్లు.

2010 సెప్టెంబర్ 30న నాటో హెలికాప్టర్ల కాల్పుల్లో పాకిస్తాన్ సరిహద్దు సైనికులు చనిపోయారు. పాకిస్తాన్ వెంటనే తోర్ఖం గేటు మూసింది. అక్టోబర్ 10న మళ్ళీ తెరిచింది. ఆ పదిరోజుల్లో కాలిన ట్యాంకర్లు ఎక్కడున్నాయో మ్యాపులో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. షికార్‌పూర్ సింధ్‌లో ఉంది, సరిహద్దుకి వందల కిలోమీటర్ల దూరం. నౌషేరా పెషావర్‌కి ఇవతల. గేటు ఒకచోట మూస్తే, లైను దేశం పొడవునా ఆగుతుంది. వరసగా, కదలకుండా, కాపలా సరిగా లేకుండా నిలబడ్డ ట్యాంకర్లకి నిప్పు పెట్టడానికి పెద్ద వ్యూహం అక్కర్లేదు. 2008 డిసెంబర్‌లో పెషావర్ టెర్మినళ్ళలో ఒక్క రాత్రిలో 150కి పైగా బళ్ళు తగలబడ్డప్పుడు కూడా అవి ఆగి ఉన్నవే.

2011 నవంబర్ 26న సలాలా ఠాణాల మీద నాటో దాడిలో 24 మంది పాకిస్తానీ సైనికులు చనిపోయాక ఏడు నెలలు గేట్లు మూశారు. అమెరికా ఉత్తరం దారిన తిప్పుకుంది, నెలకి దాదాపు పది కోట్ల డాలర్లు అదనం. లారీకి అంతవరకూ 250 డాలర్లున్న రుసుమును 5,000 చేయమని పాకిస్తాన్ బేరం పెట్టింది. చివరికి 2012 జూలై 3న హిల్లరీ క్లింటన్ ఫోన్లో సారీ చెప్పింది, గేటు తెరుచుకుంది. రుసుము పెరగలేదు. ఈ పద్దులో రెండు ప్రభుత్వాలకీ ఏం వచ్చిందో, ఏం పోయిందో తెలుస్తుంది. ఏడు నెలలు కరాచీలో, రోడ్ల పక్కన బండికి కాపలాగా పడుకున్న డ్రైవరు హాల్టింగ్ ఎవరు కట్టారో మాత్రం ఏ చర్చలోనూ వినపడలేదు.

క్లూజో తీసిన ‘వేజెస్ ఆఫ్ ఫియర్’ (1953) గురించి మాట్లాడేవాళ్ళు ఎప్పుడూ నైట్రోగ్లిజరిన్ లారీల ఉత్కంఠ గురించే చెబుతారు. నాకు మాత్రం ఆ సినిమా గుండెకాయ అంతకుముందే వచ్చే నియామకం సన్నివేశాల్లో ఉందనిపిస్తుంది. చమురు కంపెనీ మేనేజరు ఊళ్ళో దిక్కులేక తిరుగుతున్న పరదేశీల్ని ఎంచుకుంటాడు. వాళ్ళకి యూనియన్ లేదు, చనిపోతే అడిగేవాళ్ళూ ఉండరు. రోడ్డు మీద జరిగేదంతా ఆ గదిలోనే ఖరారైపోతుంది. ‘వార్‌లార్డ్, ఇంక్.’లో కమాండర్లున్నారు, కంపెనీల యజమానులున్నారు, కల్నళ్ళున్నారు. డ్రైవర్లు ఎక్కువగా అంకెలుగానే కనిపిస్తారు.

నాటో వెళ్ళిపోయింది. 2025 ఫిబ్రవరి 21న తోర్ఖం మళ్ళీ మూశారు. సరిహద్దులో ఒక కట్టడం గురించి పాకిస్తాన్‌కీ తాలిబన్ ప్రభుత్వానికీ తగాదా, మధ్యలో కాల్పులు. మార్చి 19న తెరిచారు. ఈసారి లైన్లో ఉన్నది సైనిక సామాను కాదు, మామూలు సరుకు. డ్రైవర్లు బళ్ళ కిందే పడుకున్నారు.