నెమ్మదిగా మోగితే తప్పా? మెల్విన్స్ బ్యాండు గురించి మా రూమ్ మాట



ఈ గ్రూపులో ఎప్పుడూ నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్పులు, పోడు పట్టాల గురించే రాస్తుంటాం. ఈసారి ఒక బ్యాండు గురించి రాస్తున్నాం. కొంచెం ఓపిక పట్టండి, విషయం మన దగ్గరికే వస్తుంది.

మేము ఒకే రూములో ఉండే నలుగురు కోయ పిల్లలం. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. రాత్రి చదువులయ్యాక ఒక ఫోను, ఒక చిన్న స్పీకరు. అలా మాకు దొరికింది మెల్విన్స్.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో మాంటెసానో అనే చిన్న ఊరు, దాని పక్కన అబర్డీన్. చుట్టూ అడవి, ఎడతెగని వాన, కలప పని. 1983లో అక్కడ బజ్ ఆస్బోర్న్ అనే కుర్రాడు స్నేహితులతో ఈ బ్యాండు మొదలుపెట్టాడు. 1984లో డ్రమ్స్‌కి డేల్ క్రోవర్ వచ్చాడు. బజ్ పనిచేసిన స్టోర్‌లో ఎవరికీ గిట్టని సూపర్‌వైజర్ పేరే బ్యాండుకి పెట్టేశారు. ఇది చదివి మేము చాలాసేపు నవ్వాం.

అప్పట్లో పంక్ బ్యాండ్లకి వేగమే గొప్ప. వీళ్లూ మొదట అలాగే వాయించారు. 1984లో బ్లాక్ ఫ్లాగ్ అనే బ్యాండు ‘మై వార్’ రికార్డు రెండో వైపంతా నెమ్మది పాటలు పెట్టింది. మెల్విన్స్ ఆ దారిలో ఇంకా ముందుకి పోయారు. గిటారు తీగలు వదులు చేసి శ్రుతి కిందికి దించారు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ వదిలారు. హాస్టల్ డే రోజు మైకు సౌండ్ బాక్సు ముందుకి పోతే కీచుమని కూస్తుంది కదా, అందరూ చెవులు మూసుకునే ఆ కూతని కూడా పాటలో కలిపేశారు. దీన్నే ఇప్పుడు స్లడ్జ్ మెటల్ అంటున్నారు, నాయిస్ రాక్ అంటున్నారు. స్లడ్జ్ అంటే చిక్కటి బురద. వానాకాలం మన ఊళ్ల దారుల్లో నడిచినోళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కాలు దిగుద్ది, లాగాలి, మళ్లీ దిగుద్ది.

ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, ఫస్టియర్‌లో మా కాలేజీ నోటీసు బోర్డుకి ‘స్లో లెర్నర్స్’ అని ఒక లిస్టు అంటించారు. మా నలుగురిలో ముగ్గురి పేర్లు అందులో ఉన్నాయి. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. ప్రశ్న రెండు వాగులు దాటి మా దగ్గరికి వస్తుంది, జవాబు మళ్లీ రెండు వాగులు దాటి పోవాలి. ఈలోపు సారు వేరేవాళ్లని లేపుతారు. నెమ్మది అంటే తెలివి లేకపోవడం అని అక్కడ అర్థం.

మన కొమ్ము డోలు ఆటలో అలా కాదు. ముసలోళ్లు, పిల్లలు ఒకే వరసలో ఉంటారు. ఆఖరోడి అడుగు పడేదాకా డోలు ఆగుద్ది. 2006లో మెల్విన్స్ ఇద్దరు డ్రమ్మర్లని పక్కపక్కన కూర్చోబెట్టి వాయించారు. ఆ పాటలు విన్నప్పుడు మాకు మన డోళ్లే గుర్తొచ్చాయి.

అబర్డీన్ కుర్రాడు కర్ట్ కోబేన్ వీళ్ల అభిమాని. అతని నిర్వాణా ప్రపంచమంతా మోగాక పెద్ద కంపెనీ అట్లాంటిక్ మెల్విన్స్‌ని కూడా తీసుకుంది. 1993లో ‘హుడిని’ వచ్చింది. మూడు ఆల్బమ్‌ల తర్వాత కంపెనీ వదిలేసింది. వీళ్లు మాత్రం ఆగలేదు. 1999 నుంచి ఇపెకాక్ అనే చిన్న సొంతంత్ర కంపెనీతో రికార్డులు తెచ్చారు. 2012లో 51 రోజుల్లో 51 చోట్ల, అంటే 50 రాష్ట్రాల్లోనూ రాజధానిలోనూ వాయించారు. పాట నెమ్మదే, మనుషులు కాదు.

ఒక్క మాట మాత్రం మాలో మిగిలిపోయింది. ఆ కలప అడవులు ఖాళీ అడవులు కావు. ఆ ప్రాంతం క్వినాల్ట్ లాంటి ఆదివాసులది, 1855-56 ఒప్పందంతో వాళ్ల నేల చాలావరకు చేజారింది. మేము విన్న మెల్విన్స్ పాటల్లో ఆ కథ లేదు. అది ఆ నేల మనుషులే చెప్పాల్సిన కథ.

మన కథ కూడా అంతే. ఇప్పుడు రేలా పాటలకి డీజే బీట్ కలిపి వేగం పెంచి వదులుతున్నారు. పెళ్లిళ్లలో మేమూ ఎగురుతాం, అది వేరే. కానీ అసలు నడక ఎక్కడన్నా దాచామా? మీ ఊళ్లో డోలు కొట్టే పెద్దలుంటే ఒక పూట ఫోను పక్కన పెట్టి, మొదటి నుంచి ఆఖరిదాకా కత్తిరించకుండా రికార్డు చేసి ఈ గ్రూపులో పెట్టండి. ఎంత పొడుగైనా మేము కూర్చుని వింటాం.