ఎదురుచూడటం ఒక విద్య

అసింక్రనస్ ప్రోగ్రామింగును తెలుగులో ఏమనాలి? "అసమకాలికం" అన్న మాట ఒకటి ఉన్నది. శబ్దార్థం సరిగానే ఉన్నా, ఆ మాట వినగానే నాకేదో లోటు తోస్తుంది. ఈ విద్యకు ప్రాణం నిరీక్షణ. ఎదురుచూసే కాలంలో ఏం చేయాలి, ఎదురుచూసినది వచ్చేసరికి లోకం ఎలా మారి ఉంటుంది అన్న రెండు ప్రశ్నల చుట్టూనే ఇదంతా తిరుగుతుంది. ఇరవయ్యేళ్ళుగా ఈ వృత్తిని నమ్ముకుని బతుకుతున్నవాణ్ణి కాబట్టి, ఆ ఎదురుచూపుల గురించి నాలుగు మాటలు రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ప్రోగ్రాములతో సంబంధం లేని మిత్రులు కూడా కాస్త ఓపిక పడితే, ఇది తమకూ చెందిన విషయమేనని గ్రహిస్తారు.

ముందుగా ఒక చిన్న లెక్క. నేటి ప్రాసెసరు ఒక నానోసెకనులో, అంటే సెకనులో వందకోట్లవ వంతులో, కనీసం ఒక చిన్న పని చేయగలదు. హైదరాబాదు నుండి అమెరికాలోని ఒక సర్వరుకు ప్రశ్న వెళ్ళి జవాబు తిరిగి రావడానికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. మనకది రెప్పపాటు. కానీ ప్రాసెసరు చేసే ఒక్కొక్క పనిని మన ఒక సెకనుగా సాగదీసి చూస్తే, ఆ రెప్పపాటు ఆరేళ్ళ పైచిలుకు అవుతుంది. ఒక ఉత్తరం రాసి, దానికి జవాబు వచ్చేదాకా ఆరేళ్ళు గుమ్మంలో నిలబడి ఉండే మనిషిని ఊహించుకోండి. పాతపద్ధతి ప్రోగ్రాము చేసే పని అదే.

గుమ్మంలో నిలబడటానికి ఒక్కొక్క అతిథికి ఒక్కొక్క నౌకరును పెట్టడం చాలాకాలం సాగింది. అతిథులు పెరిగేకొద్దీ నౌకర్ల జీతభత్యాలే ఇంటిని ముంచుతాయి. ఒకే సర్వరు పదివేలమందికి ఒక్కసారి ఎలా సేవ చేయగలదన్న సమస్యను 1999లో డాన్ కెగెల్ చర్చకు పెట్టారు. 2009లో రయన్ డాల్ నోడ్‌జేయస్‌ను లోకానికి చూపినప్పుడు, అందులోని ఉపాయం మన అమ్మలకు ఏనాటినుండో తెలిసినదే. ఒక పొయ్యి మీద పప్పు, మరో పొయ్యి మీద అన్నం పెట్టి, ఆలోగా కూర తరుగుతారు. కుక్కరు కూత వేయగానే లేచి మంట తగ్గిస్తారు. వంటమనిషి ఒక్కతే, చేతులు రెండే. ఊరికే నిలబడటం మాత్రం లేదు.

అయితే ఆ వంటమనిషి గంటసేపు రోటి దగ్గర కూర్చుని, పిండి రుబ్బడం పూర్తయ్యేదాకా లేవనని పట్టుబడితే? కూతలు వినబడుతూనే ఉంటాయి, పప్పు మాడుతూనే ఉంటుంది. ఈవెంటు లూపులో పెద్ద లెక్కలు పెట్టి కూర్చుంటే జరిగేది ఇదే. రుబ్బే పనికి వేరే మనిషిని పెట్టుకోవాలి.

మొదట్లో "ఆ పని అయ్యాక ఈ పని చెయ్యి" అని చీటీలు రాసి ఇచ్చేవాళ్ళం. వాటినే కాల్‌బ్యాకులన్నారు. చీటీలో చీటీ, దానిలో మరో చీటీ చేరి, ప్రోగ్రాము పేజీకి కుడివైపుగా జారిపోయేది. తరువాత ప్రామిస్ వచ్చింది. ఆపైన అవైట్ అన్న ఒక్క మాట వచ్చి కష్టమంతా తీర్చినట్లు కనబడింది. 2012లో సీషార్ప్‌లో, 2015లో పైథాన్‌లో, 2017లో జావాస్క్రిప్టులో అది చేరింది. ఇప్పుడు ప్రోగ్రాము పైనుండి కిందికి మామూలు వచనంలా చదువుకోవచ్చు. దాని అందమూ, ప్రమాదమూ రెండూ అక్కడే ఉన్నాయి. వచనంలా ఉన్నది గనుక, ఒక వాక్యానికీ తరువాతి వాక్యానికీ మధ్య లోకం మారదని నమ్మేస్తాము. అవైట్ దగ్గర లోకం మారుతుంది.

బస్సులో ఒక్క సీటు మిగిలిందనుకోండి. "సీటు ఉన్నదా?" అని ఒక ప్రోగ్రాము అడిగి, జవాబు కోసం ఆగింది. ఆ విరామంలో మరొకరి కోసం అదే ప్రశ్న బయలుదేరింది. ఇద్దరికీ "ఉన్నది" అనే జవాబు. ఇద్దరికీ టికెట్టు. థ్రెడ్డు ఒక్కటే కదా, ఇక గొడవేమిటన్న ధీమా ఇక్కడ పనికిరాదు. అడగడాన్నీ తీసుకోవడాన్నీ విడదీయకుండా, "ఉంటేనే ఒకటి తగ్గించు" అని డేటాబేసుకు ఒకే ఆజ్ఞగా ఇవ్వాలి.

సీటు పోతే నష్టం చిన్నది. థెరాక్-25 కథ అలాంటిది కాదు. అది క్యాన్సరు రోగులకు రేడియేషన్ చికిత్స చేసే యంత్రం. 1985, 1987 సంవత్సరాల మధ్య దాని వల్ల ఆరుగురు మోతాదుకు ఎన్నో రెట్లు మించిన రేడియేషన్‌కు గురయ్యారు. 1986లో టెక్సాస్‌లోని టైలరు పట్టణంలో జరిగిన తీరు ఇది: ఆపరేటరు ఎలక్ట్రాన్ చికిత్సకు బదులు ఎక్స్‌రే అని టైపు చేసి, వెంటనే దిద్దుకున్నది. యంత్రంలోని అయస్కాంతాలు కుదురుకోవడానికి సుమారు 8 సెకన్లు పడుతుంది. ఆ ఎదురుచూపులో జరిగిన దిద్దుబాటును ప్రోగ్రాము పట్టించుకోలేదు. తెర మీద సరైన మాటే ఉన్నది, యంత్రం లోపల మాత్రం పాత సంగతే ఉన్నది. కొత్తగా నేర్చుకునేవారు నెమ్మదిగా టైపు చేస్తారు గనుక వారి చేతిలో ఆ దోషం బయటపడదు. అనుభవంతో వేళ్ళు చురుకైన మనిషి చేతిలోనే బయటపడింది. ఆసుపత్రి భౌతికశాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేగర్, ఆ ఆపరేటరు కలిసి, ఎంత వేగంగా కొడితే దోషం వస్తుందో మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి కనిపెట్టారు. టైలరులో దెబ్బతిన్న ఇద్దరు రోగులూ ఆ సంవత్సరమే మరణించారు. అంతకు ముందరి నమూనా థెరాక్-20లోనూ ఇలాంటి దోషమే ఉన్నదని తరువాత తేలింది. కానీ దానిలో ప్రోగ్రాముతో నిమిత్తం లేని రక్షణ ఉండటంతో ఫ్యూజులు మాత్రమే పోయేవి. కొత్తదానిలో ఆ రక్షణను తీసేసి, ప్రోగ్రామును నమ్ముకున్నారు.

మరొక సంగతి మా ఇంట్లోనే జరిగింది. మా నాన్నగారు పెన్షను డబ్బుతో కరెంటు బిల్లు కట్టబోతే, తెర మీద చక్రం తిరిగి తిరిగి "మళ్ళీ ప్రయత్నించండి" అన్నది. ఆయన బుద్ధిగా మళ్ళీ ప్రయత్నించారు. రెండుసార్లూ డబ్బు పోయింది. తిరిగి రావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. "డబ్బు పోయిందో లేదో ఆ యంత్రానికే తెలియకపోతే, మళ్ళీ కట్టమని నాకెందుకు చెప్పాలిరా?" అన్నారాయన. ఇంతకంటె సూటిగా ఈ విషయాన్ని ఏ పాఠ్యపుస్తకమూ నాకు చెప్పలేదు. జవాబు రాకపోవడం వేరు, లేదన్న జవాబు రావడం వేరు. గడువు ముగిసిందంటే పని జరగలేదని అర్థం కాదు; జరిగిందో లేదో తెలియదని మాత్రమే అర్థం. అందుకే ప్రతి చెల్లింపుకూ మొదటే ఒక సంఖ్య ఇచ్చి, ఎన్నిసార్లు ప్రయత్నించినా అదే సంఖ్యను పంపాలి. అవతలివైపు దాన్ని గుర్తుపట్టి, రెండోసారి డబ్బు తీసుకోకుండా మొదటి ఫలితాన్నే తిరిగి చెప్పాలి.

మిగిలినవి క్లుప్తంగా. అవైట్ రాయడం మరచిపోతే, పొరపాటు జరిగినా ఎవరికీ వినబడదు; నోడ్ 2020లో వచ్చిన 15వ వెర్షను నుండి అలాంటి దిక్కులేని ఎర్రర్లకు ప్రోగ్రామునే ఆపేస్తున్నది, అది మంచిదే. ఒకదానితో ఒకటి సంబంధం లేని పది పనులను వరుసగా నిలబెట్టి ఎదురుచూడటం దండగ. అలాగని పదివేలు ఒక్కసారి వదిలితే అవతలి సర్వరు కూలుతుంది. ప్రామిస్ ఆల్‌లో ఒకటి విఫలమైనంత మాత్రాన తక్కినవి ఆగిపోవు. అవి నడుస్తూనే ఉంటాయి.

మా దగ్గర కొత్తగా చేరే పిల్లలకు నేను సూత్రాలేవీ చెప్పను. అవైట్ అన్న మాట కనబడ్డ ప్రతిచోటా మూడు ప్రశ్నలు వేసుకోమంటాను. ఈలోగా ఏమి మారవచ్చు? జవాబు ఎప్పటికీ రాకపోతే ఏమి చేస్తావు? రెండుసార్లు జరిగితే ఎవరు నష్టపోతారు? మొదటి రెండింటికి వాళ్ళు చురుగ్గానే జవాబు చెబుతారు. మూడోదాని దగ్గర కాస్త ఆగుతారు. ఆ ఆగడమే నాకు కావలసినది.