నైట్ షిఫ్ట్ వారంలో దెయ్యం సినిమాలు

మా ఆయనకి నైట్ షిఫ్ట్ పడ్డ వారమే నాకు దెయ్యాల సినిమాలు చూడాలనిపిస్తుంది. ఎందుకో అడగకండి. పగటి షిఫ్ట్ వారం రిమోట్ ఆయన చేతిలో ఉంటుంది. వార్తలు, క్రికెట్, మళ్ళీ వార్తలు. నైట్ షిఫ్ట్ అయితే ఆయనకి టిఫిన్ డబ్బా సర్ది పంపించి, పిల్లల్ని పడుకోబెట్టి, తలుపు గొళ్ళెం రెండుసార్లు చూసుకుని, అప్పుడు వెతికి వెతికి అలాంటిదే ఒకటి పెట్టుకుంటాను. మధ్యలో కరెంటు పోయిందంటే ఇక నా అవస్థ చూడాలి. భూపాలపల్లి క్వార్టర్స్‌లో రాత్రి పన్నెండు దాటాక పక్కింటి వాళ్ళ కుక్క మూలిగినా నాకు సినిమాలోదే అనిపిస్తుంది.

"ఒక్కదానివి ఉన్నప్పుడే చూడాల్నా అవి?" అని ఆయన నవ్వుతాడు. ఆయన పని సింగరేణిలో, భూగర్భ గనిలో. ఏ దెయ్యం సినిమాకీ ఆయన భయపడగా నేను చూడలేదు, సగంలోనే గురక పెడతాడు. ఒకసారి గట్టిగా అడిగితే, "బాయిల దిగినంక పైకప్పుని కడ్డీతోని కొట్టి సప్పుడు వింటం. గట్టిగ మోగితె మంచిది. డొల్ల సప్పుడు వస్తె ఆడ నిలబడం. గంతకన్న భయం నీ టీవీల ఏముంటది?" అన్నాడు. ఆ మాట తర్వాత చాలా రోజులు టీవీ జోలికి పోలేదు నేను. నైట్ షిఫ్ట్ వారం నిద్ర కూడా పట్టలేదు. నిద్ర పట్టకపోతే ఏం చేస్తాం, మళ్ళీ సినిమాయే.

కానీ ఆయన చెప్పినదాంట్లో ఒకటి నిజం. భయమంతా చెవిలోనే ఉంది. రాంగోపాల్ వర్మ 'రాత్రి' (1992) చూడండి. రేవతి ఇంట్లో నడుస్తుంటుంది, అంతే, ఏమీ కనబడదు. ఆ చప్పుళ్ళకే ప్రాణం పోతుంది. ఆయనే తీసిన 'దెయ్యం' (1996) కూడా అంతే. మా చిన్నది కళ్ళు మూసుకునేది, అయినా ఏడ్చేది. కళ్ళు కాదే, చెవులు మూసుకో అని చెప్పాను. ఇప్పుడు రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, కళ్ళు ఇంతేసి చేసుకుని, మరమరాలు నోట్లో ఎవరు పోస్తారా అని నా వైపు చూస్తుంది.

నాకీ పిచ్చి మా అమ్మ నుంచి వచ్చింది. మాది మానుకోట దగ్గర పల్లె. (బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉంటుంది, మేము మానుకోట అనే అంటాం.) అమ్మ ఆరో తరగతే చదివింది, కానీ యండమూరి 'తులసిదళం' వారపత్రికలో వచ్చినప్పటి కాగితాలు చింపి, దారంతో కుట్టి, బియ్యం గుమ్మి వెనక దాచుకుంది. ఇంటర్ సెలవుల్లో అది నా చేతికి దొరికింది. చదివాక వారం రోజులు మా వాకిట్లో తులసి చెట్టుకి నీళ్ళు పోయడానికి పోలేదు నేను. అమ్మకి సంగతి తెలిసి తిట్టలేదు, "ఏ పేజీ దాక వచ్చినవ్?" అని అడిగింది. ఇక మానుకోటలో మామయ్య వాళ్ళింట్లో కేబుల్ ఉండేది. ఈటీవీలో 'అన్వేషిత' చూడటానికే నేను అక్కడికి పోయేదాన్ని. ఆ సీరియల్ చూసి అత్తమ్మ పిల్లలమందరం ఒకే చాపమీద, ఒకరి కాలు మీద ఒకరు కాలేసుకుని పడుకునేవాళ్ళం.

జనగామలో మా అత్తగారిది వేరే లెక్క. 'అరుంధతి' టీవీలో ఎన్నిసార్లు వచ్చినా బీరకాయ కోయడం ఆపేసి చూస్తుంది. భయపడదు. పశుపతికి శిక్ష పడేదాకా అక్కడినుంచి లేవదు, అంతే. 'చంద్రముఖి' అయితే ఆమెకి నచ్చదు. "దెయ్యం లేదు, ఆ పిల్లకి మనసు బాగలేదు అని డాక్టరు చెప్పినంక ఇంకేం సినిమా?" అంటుంది. నాకు సరిగ్గా అందుకే నచ్చుతుంది, ఈ విషయంలో మా ఇద్దరికీ పొంతన లేదు. కామెడీ దెయ్యాలు వరసపెట్టి వచ్చాయి చూశారా, ఆ మధ్య, వాటి గురించి నాకు పెద్ద చెప్పాలని లేదు. ఒక్క 'ఆనందో బ్రహ్మ' (2017) తప్ప. మనుషుల్ని చూసి దెయ్యాలు జడుసుకోవడం అనే మాట బాగుంది.

నన్ను నిజంగా పట్టుకున్నవి రెండు. ఒకటి 'దృశ్యం'. దెయ్యం లేదు, మంత్రం లేదు. ఆ చిన్నపిల్లని భయపెట్టి అడిగే సీన్ దగ్గర నేను లేచి వంటింట్లోకి పోయి ఊరికే గిన్నెలు సర్దాను. రెండోది 'మసూద' (2022). ఒంటరిగా కూతుర్ని పెంచుకుంటున్న తల్లి, ఆ కూతురు రాత్రికి రాత్రి వేరే మనిషి అయిపోవడం. పదమూడేళ్ళ ఆడపిల్ల ఇంట్లో ఉన్నవాళ్ళకి ఆ సినిమా సగం రోజూ జరిగేదే! సంగీత ముఖంలో దెయ్యం భయం కన్నా "నా బిడ్డకి ఏమైంది, ఎవరికి చెప్పుకోను" అన్నదే ఎక్కువ కనిపిస్తుంది.

ఇక 'మా ఊరి పొలిమేర'. దీని గురించి రాయాలనే మొదలుపెట్టాను, ఎక్కడెక్కడో తిరిగాను.

2021 డిసెంబర్‌లో హాట్‌స్టార్‌లో వచ్చింది. తర్వాత రెండు నెలలకి, 2022 ఫిబ్రవరిలో మేడారం జాతర. జాతరకి పోదామని అందరం అమ్మగారింట్లో కలిశాం. బండి మాట్లాడుకుని పోయి, మొక్కు తీర్చుకుని, బెల్లం పట్టుకుని రాత్రికి వచ్చాం. ఒళ్ళు నొప్పులున్నా నిద్ర రాక, తమ్ముడు టీవీలో పొలిమేర పెట్టాడు. ఊరు, చేతబడి, చావులు, చివరికి ఆ మలుపు. సత్యం రాజేష్‌ని అంతకుముందు నవ్వులకే చూశాం కదా, అలా చేస్తాడనుకోలేదు. అందరం ఒకే గదిలో పడుకున్నాం.

పొద్దున లేచేసరికి గేటు ముందు నలిగిన నిమ్మకాయ, కుంకుమ. తమ్ముడి కూతురికి ఒళ్ళు కాలిపోతోంది. నేను పళ్ళు తోముకుంటూ, బోరింగు దగ్గర నలుగురు ఆడవాళ్ళు వింటుండగా, "పొలిమేర మనింటికే వచ్చినట్టుంది" అన్నాను. నవ్వుతూనే అన్నాను. అదే ఇప్పటికీ బాధ.

మా ఇంటికి రెండిళ్ళ అవతల ఒక అవ్వ ఒక్కతే ఉంటుంది. భర్త లేడు, ఉన్న ఒక్క కొడుకూ పోయాడు. కామెర్లకి పసరు పోసేది. మాకందరికీ పోసిందే. మధ్యాహ్నానికి మరదలు నా దగ్గరికొచ్చి మెల్లగా, "వదినా, రాత్రి మనం బండి దిగినప్పుడు అవ్వ మన గేటు కాడ నిలబడ్డది, నేను చూసిన" అంది. సాయంత్రానికి తమ్ముడు హోటల్ నుంచి చాయ్ తాగకుండానే తిరిగొచ్చాడు. "అక్కా, నువ్వు పొద్దుగాల ఏమన్నవే? ఆడ నలుగురు కూసోని అవ్వని పిలిచి అడుగుదామంటున్రు."

అడుగుదాం అనే మాట పల్లెల్లో ఉన్నవాళ్ళకి తెలుసు. అక్కడ మొదలైనవి ఎక్కడ ముగుస్తాయో పేపర్లో "మంత్రాల నెపంతో" అన్న హెడ్డింగ్ కింద ఎన్నిసార్లు చదవలేదు? సినిమాలో ఏదీ చూసినప్పుడు ఆడని గుండె అప్పుడు ఆడింది నాకు.

నలిగిన నిమ్మకాయ! కోసింది కాదు. అప్పుడు తట్టింది. బండి డ్రైవర్‌కి ఫోన్ చేశాను. "నేనే అక్కా, తెల్లారగట్ల ఇంకో ట్రిప్పు మేడారం పోయేటప్పుడు మీ గేటు కాడనే బండి మలిపి నిమ్మకాయలు తొక్కిచ్చిన" అన్నాడు. ఫోన్ స్పీకర్ పెట్టి హోటల్ దగ్గర మళ్ళీ చెప్పించాం. పాపని మానుకోట తీసుకుపోతే డాక్టర్ గొంతు చూసి మందులు రాశాడు, మూడు రోజులకి తగ్గింది. అది చాలదనిపించి, నేను అరుగు మీద కూర్చుని ఒక గిన్నెలో పసుపు నీళ్ళు, ఇంకో గిన్నెలో సున్నపు నీళ్ళు పెట్టుకుని పిల్లల్ని పిలిచాను. రెండూ కలిపితే ఎర్రగా రక్తంలా. జన విజ్ఞాన వేదిక వాళ్ళు బడుల్లో, ఊళ్ళలో చూపించేదే ఇది. మన ఆడవాళ్ళం దిష్టి తీసే ఎర్రనీళ్ళు కూడా ఇవే, రోజూ మన చేతుల్లో ఉన్నదే. పిల్లలు నాలుగుసార్లు చేయించుకున్నారు. పెద్దవాళ్ళు చూసి ఏమీ అనలేదు. నమ్మారో, నా మొహం చూసి ఊరుకున్నారో.

చీకటి పడ్డాక అవ్వ ఇంటికి పోయాను. తలుపు లోపల గడియ పెట్టుకుని ఉంది. చాలాసేపటికి తీసింది. ఏం చెప్పాలో తెలియక రాత్రి గేటు దగ్గర ఎందుకు నిలబడ్డావవ్వా అని అడిగాను. ఆ మాట కూడా అడగకుండా ఉండాల్సింది.

"బంగారం తెచ్చిన్రు గదా అని నిలబడ్డ బిడ్డా. జర బెల్లం పెడుతరేమోనని. మీరు అలిసిపోయి లోపలికి పోయిన్రు."

ఊరంతా పంచాం ఆ బెల్లం. ఆ ఒక్క ఇల్లే మర్చిపోయాం.

ఆ తర్వాత 2023లో 'విరూపాక్ష' వచ్చింది. బాగా తీశారు, కాదనను. కానీ మొదట్లోనే చేతబడి చేస్తున్నారని ఊరివాళ్ళు భార్యాభర్తల్ని తగలబెట్టే సీన్ ఉంటుంది. పెద్దోడు, "అమ్మా, వాళ్ళు నిజంగనే చేసిన్రు గదా" అన్నాడు. టీవీ ఆపేశాను. సినిమాలో చేసి ఉంటారు నాన్నా, సినిమా కాబట్టి, అని చెప్పి, అవ్వ సంగతి మొదటిసారి వాడికి మొత్తం చెప్పాను. నేనన్న మాటతో సహా. సినిమా మిగతాది మరుసటి రాత్రి చూశాం.

పొలిమేర రెండో భాగం కూడా చూశాను, దాచుకోవడం ఎందుకు. అలాంటివి తీయొద్దని నేననను, చూడటం నేనే మానలేదు. మర్నాడు బోరింగు దగ్గర మాత్రం సినిమా మాట ఎత్తను.

2024 జాతరకి పోయి వచ్చిన రాత్రి బండి దిగగానే బెల్లం ముక్క తీసుకుని ముందు అవ్వ దగ్గరికే పోయాను. తీసుకుంది, కళ్ళకద్దుకుంది. ఇంట్లోకి రా అవ్వా, చాయ్ తాగుదువు అన్నాను. మా గేటు దాకా వచ్చింది, అక్కడే నిలబడి పిల్లలందరినీ పేరు పేరునా అడిగింది. లోపలికి మాత్రం రాలేదు.