తీరిక ఎవరిది?

మనుష్యుడు చేయు పనిని చూచి అతనిని తెలిసికొనవచ్చునని పెద్దలందురు. పని లేనప్పుడు అతడేమి చేయునో చూచినచో మఱింత బాగుగా తెలియునని మా యభిప్రాయము. కచేరీలో అందఱును ఇంచుమించు ఒకే తీరుగా నుందురు. సాయంకాలము ఇల్లు చేరి, చొక్కా విప్పి, కుర్చీలో కూలబడిన తరువాతనే ఎవరి స్వభావము వారికి వచ్చును. నేడు ఆ కుర్చీ కెదురుగా టెలివిజను ఉన్నది. కావున నేటి సంసారమును గూర్చి వ్రాయబూనినవారు టెలివిజనును గూర్చియు, అందు కనబడు సినిమాలను గూర్చియు, ఆటలను గూర్చియు వ్రాయక తప్పదు. గంభీరవిషయములను విడిచి వీనిలోనికి దిగితిరేమని చదువరులు మమ్ము నిందింపకుందురు గాక.

టెలివిజను మన దేశమునకు 1959లో ఢిల్లీ నగరమున మొదట వచ్చినది. మన పల్లెలలో కొన్నింటికి అది గురువు వేషమున వచ్చినది. 1975 ఆగస్టు మొదలుకొని ఒక సంవత్సరము ఆఱు రాష్ట్రములలో సుమారు 2400 గ్రామములకు ఉపగ్రహము ద్వారా వ్యవసాయము, ఆరోగ్యము మొదలగు విషయములపై కార్యక్రమములను చూపిరి. అందు ఆంధ్రదేశపు పల్లెలును ఉండెను. ఊరందఱికి ఒకే పెట్టె. అందఱును నేలమీదనే కూర్చుండి చూచిరి. 1977లో హైదరాబాదు కేంద్రము వెలసినది. పిమ్మట వీధి కొకటి వచ్చినది, ఇంటి కొకటి వచ్చినది, ఇప్పుడు సెల్‌ఫోను రూపమున చేతి కొకటి వచ్చినది. ఊరిది ఇంటిదై, ఇంటిది చేతిదైన ఈ కథలో లాభ మెంత, నష్ట మెంత యను లెక్క ఇంకను తేలలేదు.

టెలివిజనును తిట్టుట పెద్దమనుష్యులకు మర్యాద యైనది. మే మా గుంపులో చేరము. మన తాతలు సినిమాను ఇట్లే తిట్టిరి. తెలుగు మాటలచిత్రము 1932లో పుట్టినది. 1938లో అస్పృశ్యతను ఖండించుచు ‘మాలపిల్ల’ వచ్చినది. 1939లో వరశుల్కముపై ‘వరవిక్రయము’, 1940లో వితంతువివాహమును గూర్చి ‘సుమంగళి’ వచ్చినవి. సంస్కరణసభకు పిలిచినను రానివారు టిక్కెట్టు కొని పోయి ఆ మాటలనే వినిరి. తెరయందు దోషము లేదు. తెర ముందు ఎవరు కూర్చుందురు, ఎవరు నిలుచుందురు అనునదియే మేము విచారింపదలచిన విషయము.

సీరియళ్లు చూచు స్త్రీలను పరిహసించుట మగవారికి వాడుక. ఇరువదిఇద్దఱు ఒక బంతి వెంట పరుగెత్తుచుండగా కుర్చీలోనుండి ఎగిరి కేకలు వేయువారికి ఈ పరిహాసాధికార మెట్లు వచ్చినదో మాకు బోధపడదు. ఫుట్‌బాలు మాకును మిక్కిలి ప్రియమైన ఆట. 1986లో మెక్సికోలో ఇంగ్లండుపై మారడోనా నాలుగు నిమిషముల యెడమున చేసిన రెండు గోలులలో ఒకటి చేతితో చేసిన మోసము, రెండవది కాలితో చేసిన అద్భుతము. మనుష్యస్వభావమును గూర్చి అంత క్లుప్తముగా చెప్పిన గ్రంథము మా యెఱుకలో లేదు. ఆటను మేము తక్కువచేయుట లేదు.

2022 డిసెంబరు 18వ తేదీని కతార్‌లో ప్రపంచకప్పు తుదియాట జరిగినది. మన గడియారమున రాత్రి ఎనిమిదిన్నరకు ఆరంభము. మాకు వరుసకు తమ్ముడగు ఒక గృహస్థుని యింట అయిదుగురము మగవారము కూడితిమి. సగము ఆట ముగియునప్పటికి అర్జెంటీనా 2–0 ఆధిక్యమున నున్నది. విరామమున మఱదలు భోజనములు వడ్డించినది. పిదప ఆమె లోపలికి పోయి, వంటయిల్లు సర్ది, అంట్లు తోమి, పాలు తోడువేయుచుండగా ఎంబాపె రెండు నిమిషముల లోపల రెండు మారులు గోలు చేసెను. కేకలు విని ఆమె తడిచేతులతో వచ్చి “ఏమైనదండీ?” అని అడిగినది. తమ్ముడు తెరనుండి చూపు మరల్చకయే “నీకు తెలియదులే” అనెను. పండ్రెండేండ్ల కుమార్తె మాత్రము తల్లిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని పెనాల్టీ యన నేమో, అదనపు సమయ మేల ఇత్తురో యంతయు విప్పి చెప్పినది. ఆ పిల్ల బడిలో ఫుట్‌బాలు ఆడును. ఆట 3–3తో ముగిసి, పెనాల్టీలపై అర్జెంటీనా 4–2గా గెలిచినప్పుడు తల్లియు చప్పట్లు కొట్టినది. తెలియనిది కాదు, చెప్పినవారు లేకపోయిరి.

2024 ఏప్రిలులో ‘మైదాన్’ అను హిందీచిత్రము వచ్చినది. అది మన హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీము కథ. బడిపంతులుగా నుండి భారతజట్టుకు శిక్షకుడైన ఆయన 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో మనవారిని నాలుగవ స్థానమునకు చేర్చెను. 1962లో జకార్తాలో దక్షిణకొరియాను 2–1తో ఓడించి ఆసియాక్రీడల స్వర్ణము తెప్పించెను. మఱుసటి యేడు కాన్సరుతో మరణించెను. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిచినది. సికిందరాబాదు పిల్లవాడగు తులసీదాస్ బలరాముడు మొదలైనవా రాయన చేతిలో మేటిఆటగాండ్రైరి. బలహీనమైన కాలితోనే ఆడవలెనను నియమముతో ఆయన పోటీలు పెట్టెడివాడట. ఒక కాలినే నమ్ముకొన్నవాడు సగము ఆటగాడని ఆయన మతము.

మా తమ్ముడు ఆ చిత్రమును ఇంట చూచి కన్నీరు పెట్టుకొనెను. ఇట్టి గురువు మఱల పుట్టునా యనెను. ఆ వేసవి సెలవులు ముగిసి బడి తెఱచిన దినములలోనే, తొమ్మిదవ తరగతికి వచ్చిన కుమార్తెను ఆట మానిపించెను. ఎండకు నల్లబడుచున్నదట, పొట్టిలాగు బాగుండదట, వయసు వచ్చినదట. మేము వారించితిమి. “నలుగు రేమనుకొందురు, అన్నయ్యా?” అనెను. ఆ నలుగురి పేరులు చెప్పుమంటిమి. చెప్పలేకపోయెను. ఆ పిల్ల నేటికిని మైదానమునకు పోవుట లేదు. ఆట వచ్చిన రాత్రి మాత్రము తల్లికి వంటయింట సాయము చేయుచున్నది.

ఈ వ్యవహారము మన దేశముదే యని తలంపరాదు. ఇంగ్లండులో 1920 డిసెంబరు 26వ తేదీని లివర్‌పూలులోని గుడిసన్ పార్కున స్త్రీల ఫుట్‌బాలు ఆటకు సుమారు 53,000 మంది వచ్చిరి. ఒక యేడు తిరుగకమునుపే, 1921 డిసెంబరు 5వ తేదీని, అచ్చటి ఫుట్‌బాలు సంఘమువారు ఈ ఆట స్త్రీలకు తగదని తీర్మానించి తమ మైదానములను వారికి మూసివేసిరి. ఆ తలుపులు మఱల తెఱచుటకు అర్ధశతాబ్దము పట్టినది. అచ్చట సభ కూడి తీర్మానింపవలసి వచ్చినది; ఇచ్చట ఒక తండ్రి కనుబొమ ముడిచిన చాలును. అయినను తలుపు తీసిన తలిదండ్రులును లేకపోలేదు. నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన సౌమ్య గుగులోతు భారతజట్టులో చేరి, 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ సంఘమునకు ఆడినది. 2025 జూలైలో భారతస్త్రీల జట్టు థాయిలాండును ఆ దేశమందే 2–1తో ఓడించి ఆసియాకప్పునకు అర్హత సంపాదించినది.

ఇక తీరిక మాట. 2019లో కేంద్రప్రభుత్వము ప్రజల దినచర్యను లెక్కించినది. జీతము లేని ఇంటిపనికి, ఆ పని చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, చేయు పురుషులు 97 నిమిషములును వినియోగించుచున్నారని తేలినది. ‘చేయు పురుషులు’ అను మాటను చదువరులు గుర్తింతురు గాక. ఆ పని ముట్టనివా రా సగటులోనికి రాలేదు. వారి సంఖ్యయే యెక్కువ. చిక్కుడుకాయలు ఒలుచుచు, ఉతికిన బట్టలు మడచుచు సీరియలు చూచునామెకు అది తీరిక యని ఎట్లు చెప్పగలము? పనికి తోడుగా పెట్టుకొన్న దీపమువంటిది ఆ తెర.

మా పూర్వులు బాలికలకు బడి పెట్టుటకును, వితంతువులకు వివాహము చేయుటకును వెలివేతలను సహించిరి. మేము కోరునది అంత కష్టమైనది కాదు. దీనికి శాసనము వలదు, సభ వలదు, చందా వలదు. ఫుట్‌బాలు ఆటకు నడుమ పదునైదు నిమిషముల విరామ మున్నది. పురుషుడు లేచి టీ కాచి తెచ్చుటకు అది చాలును. భోజనమైన పిదప ఎవరి కంచమును వారు కడిగికొన్నచో ఇల్లాలు రెండవ సగమును మొదటినుండి చూడగలదు. ఇంట ఆడుకొనగోరు ఆడపిల్ల యున్నచో సాయంకాలము ఒక గంట ఆమెను మైదానమునకు పంపవలెను; నలుగురు అడిగినచో తండ్రియే బదులు చెప్పవలెను. రహీము కథకు కన్నీరు పెట్టుకొనువారు అతని పని నిజముగా మెచ్చినవారైనచో, ఇంతమాత్రము చేయుట వారికి భారము కానేరదు.